విమానంలో వచ్చిన పేరు

శవాన్నీ పసిబిడ్డనీ ఒకే విమానంలో ఎక్కించవద్దని నేను మొత్తుకున్నాను. వింటేగా. ఆ వారానికి ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న మా ఊరికి ఉన్నది అదొక్కటే విమానమట, అది తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరట. పైలట్ ఎటియెన్ మంచివాడే, కానీ మాకు దక్షిణాన పెద్ద పట్నాల నుంచి వచ్చినవాడు, వాడికి పెట్టె అంటే పెట్టె, బిడ్డ అంటే బిడ్డ. పెట్టెను వెనకాల గట్టిగా కట్టేస్తామని, మీరు ముందు కూర్చోండని, మధ్యలో వల అడ్డం ఉంటుందని నాకు నచ్చజెప్పాడు. వల ఉంటే ఏం లాభం? వల ఆపేది సామాన్లని.

విమానం చిన్నది. ముక్కులో ఎటియెన్, అతని తోటి పైలట్, వాళ్ళ వెనక నాలుగు వరసల సీట్లు, ఆపైనంతా సరుకు. ఆపిల్ పెట్టెలు, గుడ్లు, పిల్లల డైపర్లు, మంచు మీద నడిపే ఎవరిదో స్నోమొబైల్ ఇంజను, వాటి పక్కన పొడవుగా ప్లైవుడ్ పెట్టె. ఆ పెట్టెలో మా ఊరి ముసలావిడ నివియాక్ కొడుకు నౌలాక్ ఉన్నాడు. నా పక్క సీట్లో ఈగా, ఆమె ఒళ్ళో పురిటి బిడ్డ. ఆరేళ్ళ కిందట ఈగావాళ్ళ అన్న జైపిటీని కాల్చి చంపింది ఆ నౌలాకే. ఇక మీరే చెప్పండి, నేను మొత్తుకోవడంలో తప్పేముంది?

నా పని రోగులకు తోడు వెళ్ళడం. మా ఊళ్ళో ఉన్నదల్లా ఒక నర్సు, ఒక మందుల బీరువా. కాన్పయినా కాలు విరిగినా విమానమెక్కి దక్షిణాన పెద్దాసుపత్రికి పోవాల్సిందే. అక్కడి డాక్టర్లకు మా మాట రాదు, మా ముసలివాళ్ళకు వాళ్ళ మాట రాదు, మధ్యలో అరిగేది నా నోరు. ఆ ఆసుపత్రి తిండి తిని తిని నా నాలుక చచ్చిపోయింది. ఉడకబెట్టిన కోడి, ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉప్పు లేదు, కొవ్వు లేదు. అందుకే సంచిలో ఎండు చేప దాచుకుని పోతాను. నర్సులు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ.

ఈసారి ఒకే ఆసుపత్రిలో నాకు ఇద్దరు. కింది అంతస్తులో ఈగా, నెలలు నిండి. పై అంతస్తులో నౌలాక్, ఊపిరితిత్తులు కుళ్ళిపోయి. వాడిని జైలు నుంచి తెచ్చారు. మొదట్లో మంచం పక్కన ఒక కాపలావాడు కూర్చునేవాడు, చివరికి వాడు కూడా ఇక వీడెక్కడికి పారిపోతాడులే అని కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. నేను ఆ మెట్లెక్కి పైకి వెళ్తున్నానని ఈగాకు తెలుసు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ నాతో మాట్లాడటం మానేసేది, ఆకలేస్తే మళ్ళీ చేప ముక్క కోసం చెయ్యి చాపేది.

అసలు జరిగింది మీకు చెప్పాలి. చెప్పడానికి ఉన్నదీ తక్కువే. జైపిటీ, నౌలాక్ ఒకే ఈడువాళ్ళు. ఒకరింట్లో తిని ఒకరింట్లో పడుకుని పెరిగారు. ఆ వసంతంలో సీల్ అనే సముద్రజంతువుల వేటకని ఇద్దరూ కలిసి గడ్డకట్టిన సముద్రం మీద మంచు అంచుదాకా వెళ్ళారు. తిరిగొచ్చింది ఒక్కడు. జైపిటీని తోలులో చుట్టి, మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద జాగ్రత్తగా కట్టి తెచ్చి, సిమియోనీ ఇంటి ముందు ఆపి, నేనే కాల్చానన్నాడు. అంతే. అంతకుమించి పోలీసులకు చెప్పలేదు, కోర్టుకు చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. తాగి లేడు. ఆడపిల్ల గొడవా లేదు. అదే రోజు పోలీసుల విమానం వచ్చి వాడిని ఎత్తుకుపోయింది.

సిమియోనీ అంటే జైపిటీకీ ఈగాకీ తండ్రి. నాకు బాబాయి కొడుకు, తమ్ముడి వరస. మా విమానాల రేడియో గది చూసేది అతనే. ఆ రోజు నుంచి ఒక్క ప్రశ్న పట్టుకుని బతుకుతున్నాడు. ఎందుకు కాల్చాడని కూడా కాదు. నా కొడుకు చివర్లో ఏమన్నాడు అని. చేపలు కోస్తూ అడుగుతాడు, చర్చిలో కూర్చుని అడుగుతాడు, నన్ను అడుగుతాడు, నాకేం తెలుస్తుంది? అతని భార్య ఆ దిగులుతోనే పోయింది. నివియాక్ అతని కంటబడకుండా దుకాణం ఖాళీగా ఉన్న వేళ చూసి వెళ్ళి సరుకు తెచ్చుకునేది. ఊరు చిన్నది, ఎంతని తప్పుకుంటారు.

అందుకే ఆసుపత్రిలో నేను నౌలాక్‌ని అడిగాను. వాడు గోడవైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. చచ్చేవాడివి ఎలాగూ చస్తున్నావు, ఆ తండ్రికి ఒక్క ముక్క చెప్పి చావరా అన్నాను. చావబోయేవాడితో అనాల్సిన మాట కాదు, అయినా అన్నాను. వాడికి కోపం రాలేదు. గోడవైపే ముఖం పెట్టి, "ఈగాకు నొప్పులు మొదలయ్యాయా, పిన్నీ?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు తెల్లారకముందే పోయాడు, ఆ పొద్దున్నే ఈగాకు నొప్పులు మొదలయ్యాయి.

మాలో పేరంటే ఊరికే తగిలించేది కాదు. పోయినవాళ్ళ పేరు ఎవరికి పెడితే వాళ్ళలో ఆ పోయినవాళ్ళు వచ్చేసినట్టే. మా దుకాణం ముసలాయన నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను 'అమ్మా' అంటాడు, వాళ్ళమ్మ పేరు నేను మోస్తున్నాను గనక. నేనూ వాడిని కొడుకులాగే తిడతాను, పాచిపోయిన పాలడబ్బా అమ్మితే చెవి మెలేస్తాను. పడతాడు. కన్నతల్లికి ఎదురు చెప్తాడా?

ఇక కాన్పు కష్టమైతే, దగ్గరున్న ఆడది పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా పిలవాలి. ఏ పేరు పిలిచినప్పుడు బిడ్డ బయటపడితే ఆ పేరు వాడిది. వాడు అడిగి తెచ్చుకున్నది. కాదని ఇంకో పేరుతో పిలిస్తే బిడ్డ నిలవడు, పాలు పట్టడు, ఏడ్చి ఏడ్చి తిరుగుముఖం పడతాడు. నేను కళ్ళారా చూశాను, మీరు నమ్మకపోతే మానెయ్యండి.

జైపిటీ పేరును సిమియోనీ ఆరేళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అడిగారు. తన ఇంట్లోనే పుట్టాలి, తన కొడుకు తన గడపలోకే రావాలి అని పట్టుబట్టాడు. పేరును అంతకాలం బయట చలిలో నిలబెట్టకూడదని నేను చెప్పి చూశాను. ఈగాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది. ఆమెను విమానం ఎక్కించేటప్పుడు సిమియోనీ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, వాడిని తీసుకురా" అన్నాడు. వాడిని అంటే ఎవరినో చెప్పక్కరలేదు.

ఆ పొద్దున ఆ గదిలో నేను జైపిటీని పిలిచాను. మంచిగా పిలిచాను. బతిమాలాను. ఒరేయ్, మీ నాన్న కళ్ళలో ఒత్తులేసుకుని కూర్చున్నాడురా, ఇంకెంత బెట్టు చేస్తావురా అని తిట్టాను కూడా. రాలేదు. చనిపోయిన ఈగావాళ్ళ అమ్మ పేరు పిలిచాను. తాత పేరు, ఎలుగుబంటి వేటలో పోయిన ముత్తాత పేరు పిలిచాను. మళ్ళీ జైపిటీ, మళ్ళీ జైపిటీ. డాక్టరమ్మ నేను ప్రార్థన చేస్తున్నాననుకుని, కాస్త పక్కకు జరిగి చేసుకోమంది. ఈగా చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది. ఇక కోసి తీయాలని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారు.

అప్పుడే ఒక నర్సు తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. పై అంతస్తులో చనిపోయిన మీ ఊరతన్ని ఎక్కడికి పంపాలి, సంతకం ఎవరు పెడతారు అని నన్ను అడిగింది. మతి ఉన్న మనిషి ఆ సమయంలో అడుగుతుందా? ఈగాకు వాళ్ళ భాష నాకంటే బాగా వచ్చు. విన్నది. మోచేతుల మీద పైకి లేచింది. అంతసేపూ పెదవి విప్పని పిల్ల ఒక్కసారిగా నోరు తెరిచింది.

"నౌలాక్, మా అన్నను తిన్నావు, ఇప్పుడు నా బిడ్డను తినడానికొచ్చావా, నౌలాక్!"

ఆ రెండోసారికి బిడ్డ జారి డాక్టరమ్మ చేతుల్లో పడ్డాడు.

గదిలో వాళ్ళంతా సంబరపడ్డారు. ఈగా నా ముఖం చూసింది. నేను చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"నేను పిలవలేదత్తా," అంది. "తిట్టాను."

కడుపులో ఉన్నవాడికి పిలుపుకీ తిట్టుకీ తేడా ఏం తెలుస్తుంది, వాడికి వినపడింది పేరు. నెమ్మదిగా ఆ మాటే అన్నాను. ఆమె తల అటు తిప్పుకుంది. కాసేపయ్యాక, పోనీ రెండు పేర్లూ పెట్టమన్నాను, మాలో ఒక్కొక్కరికి నాలుగైదు పేర్లుండటం మామూలే. ఆమె నా వంక చూసిన చూపు నేను మరచిపోను.

"చంపినవాడినీ చచ్చినవాడినీ ఒక్క ఒంట్లో పడుకోబెట్టమంటావా?" అంది.

అక్కడితో తేల్చేసింది. బిడ్డ జైపిటీ. నాన్నకు చెప్పేది అదే, ఊరికి చెప్పేది అదే. ఆ గదిలో మన మాట తెలిసింది మనిద్దరికే, నువ్వు నోరు మూసుకుంటే చాలు అంది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నదని?

ఆసుపత్రి వాళ్ళు పంపించాక మధ్య ఊళ్ళో విమానం కోసం రోజుల తరబడి ఆగాం. ఆ రోజుల్లో బిడ్డను చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసేవాడు. ఈగా 'జైపిటీ, జైపిటీ' అని లాలించేది, వాడు ముఖం తిప్పుకుని సన్నగా, ముసలివాడిలా మూలిగేవాడు. అక్కడి నర్సు బరువు తూచి, కొంచెం తగ్గాడు, అదే సర్దుకుంటుందిలే అంది. ఈగా స్నానానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి నేను వాడి చెవిలో అసలు పేరు అన్నాను. మూలుగు ఆపి నా వంక చూశాడు. పురిటి పిల్లలు అలాగే చూస్తారు, నాకు తెలుసు. అయినా మళ్ళీ అనలేదు.

ఇక విమానం సంగతి. బయల్దేరేటప్పుడు ఆకాశం శుభ్రంగా ఉంది. అది సూర్యుడు మిట్టమధ్యాహ్నం కొండ మీద నుంచి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయే కాలం. సముద్రం ఇంకా గడ్డకట్టలేదు, అందుకే ఊపిరి వదిలినట్టు పొగమంచు వదులుతూ ఉంటుంది. మా ఊరు దగ్గరపడేసరికి కింద ఏమీ లేదు. కొండ లేదు, ఊరు లేదు, నీళ్ళు లేవు, అంతా మాసిన పాల రంగు. మా రన్‌వే అంటే కొండకీ సముద్రానికీ మధ్య పరిచిన కంకర. కొంచెం ఇటైతే కొండ, కొంచెం అటైతే నీళ్ళు. ఎటియెన్ వెనక్కి తిరిగి, ఒకసారి చుట్టి చూస్తాను, కుదరకపోతే వెనక్కి పోతాం అన్నాడు.

వెనక్కి పోతే మళ్ళీ ఎన్నాళ్ళో. బిడ్డ ఒళ్ళో వాడిపోయి ఉన్నాడు, మూలుగు కూడా మానేశాడు. ఈగా ముఖంలో నెత్తురు లేదు. వెనక ఆ పెట్టె విమానం వంగినప్పుడల్లా తాళ్ళ మీద కిర్రుమంటోంది.

రేడియోలో కింది నుంచి మాట్లాడేది సిమియోనీ. గాలి ఎటుంది, ఎంతదూరం కనపడుతోంది, ఆనవాలుగా చూసే నూనె ట్యాంకు కనపడుతోందా లేదా అంతా అతనే చెప్పాలి. అతని మాట మీదే విమానం దిగుతుంది. అక్కడ మాట్లాడేది ఇంగ్లీషులోనే, అది రూలు. ఆ రోజు ఉన్నట్టుండి అతను మా భాషలోకి మారాడు. ఎటియెన్‌కు ఒక్క ముక్క అర్థం కాక, ఏమిటంటాడో చూడమని చెవికి పెట్టుకునేది నాకిచ్చాడు. ఇంజను రొదలో సిమియోనీ గొంతు దగ్గరగా వినపడింది. పిల్లాడెలా ఉన్నాడని అడగలేదు. ఈగా ఎలా ఉందని అడగలేదు.

"అక్కా, ఎవరొచ్చారు?" అన్నాడు.

మా ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఒక రేడియో ఉంటుంది. విమానం వచ్చే రోజున అందరూ అదే పెట్టుకుని కూర్చుంటారు. నేను ఏం చెప్పినా ఊరంతా వింటుంది. పొగమంచులో తిరుగుతున్నాం, కింద దారి చెప్పాల్సినవాడు ఆ ఒక్కడే. నిజం చెప్పి అతని గుండె ఇప్పుడు పగలగొట్టనా? దిగాక ఈగాయే చెప్తుందిలే తమ్ముడూ, ముందు గాలి సంగతి చెప్పు అన్నాను. ఈగా నా చేతిలోంచి అది లాక్కుంది.

"నాన్నా, జైపిటీ వచ్చాడు," అంది.

కింది నుంచి జవాబు లేదు. ఎటియెన్ అడిగాడు, మళ్ళీ అడిగాడు, గాలి చెప్పమన్నాడు, ఎంతదూరం కనపడుతోందో చెప్పమన్నాడు. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. పొగమంచు ఒక్కచోట చిరిగింది, అందులోంచి కొండ రాళ్ళు కనబడ్డాయి, కిందెక్కడో కాదు, మా పక్కనే. ఎటియెన్ ఏదో బూతు మాట అని విమానాన్ని అటు తిప్పేశాడు. గుడ్ల పెట్టెలు వల మీద పడ్డాయి. నేను ఈగానీ బిడ్డనీ కలిపి పట్టుకుని, ఒక్క అబద్ధానికి అందరం చస్తున్నాం అనుకున్నాను.

అప్పుడు సిమియోనీ గొంతు వచ్చింది. తడిగా ఉంది, కానీ నిలకడగా ఉంది. గాలి తూర్పు నుంచి, తక్కువ. ట్యాంకు కనపడుతోంది. రన్‌వే చివర దీపాలు కనపడుతున్నాయి. నీళ్ళ వైపు నుంచి రా, నేను చెప్తూ ఉంటాను అన్నాడు. చంటివాడి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు దింపాడు. చక్రాలు కంకరకు తగిలాక ఎటియెన్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని కాసేపు లేవలేదు.

ఊరంతా అక్కడే ఉంది. మాలో కొత్తగా వచ్చిన బిడ్డకు అందరూ చెయ్యి కలపాలి, పెద్దవాళ్ళకు కలిపినట్టే. చేతి తొడుగులు తీసేసి, వరసలో నిలబడి ఉన్నారు. సిమియోనీ రేడియో గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు, కోటు గుండీ కూడా పెట్టుకోలేదు. ఈగా బిడ్డను వీపు మీద కోటు టోపీలో వేసుకుంది, మా ఆడవాళ్ళు పిల్లల్ని మోసేది అందులోనే. అతను ఆ చిన్న వేళ్ళు పట్టుకుని, "కొడుకా, ఇంతకాలమా" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. జైపిటీ ఎవరికి ఏమవుతాడో ఆ వరసతో పిలిచారు. ఒకావిడ 'మామా' అంది, ఒకతను 'తమ్ముడూ' అన్నాడు, మా దుకాణం ముసలాడు 'ఏరా దొంగా, నా దగ్గర తీసుకుపోయిన కత్తి ఏదిరా' అని అందరినీ నవ్వించాడు. బిడ్డ ఎవరి వంకా చూడలేదు.

విమానం తోక దగ్గర ఎటియెన్, అతని తోటి పైలట్ కలిసి పెట్టె దింపారు. మామూలుగా ఊరి మగవాళ్ళు పరుగెత్తుకెళ్ళి భుజం పడతారు. ఆ రోజు ఒక్కడూ కదల్లేదు. అక్కడ నివియాక్ ఒక్కతే నిలబడి ఉంది, వెనక ఎవరినో అడిగి తెచ్చుకున్న స్నోమొబైల్, దానికి తగిలించిన స్లెడ్జి. పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మా వైపు నడిచి వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు, మర్యాదకు కాదు, తగలకుండా.

ఆమె కూడా రేడియో విన్నది. ఎవరి ముఖమూ చూడలేదు, సిమియోనీ వైపు అసలే చూడలేదు. చేతి తొడుగు తీసింది. వంకర్లు పోయిన వేళ్ళతో బిడ్డ వేళ్ళు అందుకుంది.

"జైపిటీ, నాయనా," అంది. "చిన్నప్పుడు నేను నమిలి పెట్టిన మాంసం ఎంత తిన్నావు నువ్వు. నీకు ముఖం ఎలా చూపించాలో తెలియలేదు. వాడిని మన్నించమని అడగను. వాడిని కన్నందుకు నన్ను మన్నించు."

తన కొడుకు వేళ్ళే పట్టుకుని, నిన్ను కన్నందుకు మన్నించమని అడుగుతోంది ఆ ముసలిది, అది తెలిసినవాళ్ళం ఊరంతటిలో ఇద్దరం. నేను ఇక ఆగలేకపోయాను, నోరు తెరిచాను. నాకంటే ముందు ఈగా మాట్లాడింది. ఆరేళ్ళుగా ఆ ముసలిదాన్ని ఏ వరసతోనూ పిలవని పిల్ల.

"పెద్దమ్మా, నేను అబద్ధం చెప్పాను. వీడు జైపిటీ కాదు. నీ కొడుకే. నేను తిట్టాను, వచ్చాడు."

నివియాక్ బిడ్డ వేళ్ళు వదల్లేదు. అలాగే మంచు మీద కూలబడింది, ఈగా కూడా ఆమెతో పాటు వంగాల్సి వచ్చింది. ఆ ముసలిది వేళ్ళను ముక్కుకు ఆనించుకుని వాసన చూసింది. మేం పిల్లల్ని ముద్దుచేసేది అలాగే. ఏడవలేదు. ఏదో గొణిగింది, నాకు వినపడలేదు.

సిమియోనీ నా వైపు తిరిగాడు. నువ్వక్కడ ఉన్నావా అక్కా అని అడిగాడు. ఉన్నానన్నాను. పేరు పిలిస్తేనే వచ్చాడా, లేక వచ్చాక పిలిచిందా అని అడిగాడు, రేడియోలో అడిగినట్టే, ఒక్కొక్క మాట విడదీసి. రెండోసారి పిలవగానే వచ్చాడన్నాను.

"మావాడిని పిలిచారా?"

"నా గొంతు పోయేదాకా పిలిచాను, తమ్ముడూ. రాలేదు."

ఆ మాట నేను ఇంకోలా చెప్పాల్సింది. ఎలా చెప్పినా అదే మాట. నౌలాక్ రావడం కంటే జైపిటీ రాకపోవడమే అతనికి ఎక్కువ తగిలిందని ముఖం చూస్తే తెలిసింది. ఆరేళ్ళు ఎవరికీ ఇవ్వకుండా దాచి ఉంచిన పేరు, వాకిలి తెరిచి పెట్టినా లోపలికి రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు తమ చేతుల వంక చూసుకున్నారు. ఒక్కొక్కరే తొడుగులు వేసుకున్నారు. దుకాణం ముసలాడు ముందు వెళ్ళాడు, అతని వెనక మిగిలినవాళ్ళు, ఎవరూ ఎవరితో మాట్లాడకుండా.

మేం నలుగురం మిగిలాం, ఆ బిడ్డా. సిమియోనీ దగ్గరికి వస్తుంటే ఈగా చెయ్యి వెనక్కి పెట్టి టోపీ అంచు మూసింది. వద్దు నాన్నా, పసివాడు అంది. నాకూ భయం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, అతని చేతులు పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. అతను ఆమెను తప్పుకోమనలేదు. నివియాక్ పక్కనే మంచు మీద మోకాళ్ళు వేసి కూర్చున్నాడు, ఆమె భుజానికి అతని భుజం తగులుతోంది. చాలాసేపు బిడ్డ ముఖం చూశాడు.

"నౌలాక్," అన్నాడు.

ఆ పేరు అతని నోట ఆరేళ్ళలో నేను వినలేదు. బిడ్డ కళ్ళు తెరిచాడు.

"ఆ రోజు నాకు అడిగే సందు లేకుండా నిన్ను తీసుకుపోయారు," అన్నాడు సిమియోనీ. గొంతు పెంచలేదు. "అక్కడ నువ్వూ వాడూ తప్ప ఎవరూ లేరు. నా ఇంట్లో తిను, నా ఇంట్లో పెరుగు. మాటలు నేర్చుకో. నీకు మాటలు వచ్చేదాకా నేను చావను. వచ్చాక చెప్పాలి నువ్వు, నా కొడుకు చివర్లో ఏమన్నాడో."

ఈగా రెండు చేతులతో నోరు మూసుకుంది. నివియాక్ వాడి వేళ్ళు ఇంకా వదల్లేదు. వాళ్ళ వెనక ఎటియెన్ ఇంజను మొదలుపెట్టాడు, పొగమంచు మళ్ళీ దిగుతోంది, వాడికి వెళ్ళిపోయే తొందర. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి, నోరంతా తెరిచి, పుట్టాక మొదటిసారి గట్టిగా ఏడుపు అందుకున్నాడు. సిమియోనీ తన చెవి మీది టోపీ పక్కకు తోసుకుని, వంగి, చెవి వాడి నోటి దగ్గర పెట్టి విన్నాడు.